పాత బొమ్మల పునర్జన్మము

పాత కథను క్రొత్తగా చెప్పుట మనకు వింత గాదు. రామకథను ప్రతి తరమును తన రుచికి దగినట్లు చెప్పుకొనుచునే యున్నది. తోలుబొమ్మలాటలోని కేతిగాడు ఏ యూరికి బోయిన ఆ యూరి ముచ్చటలే పలుకును. కావున పాతదానిని మరల తెచ్చుటయే తప్పని యెవ్వరును అనజాలరు. తెచ్చువారెవరు, ఎవరికొఱకు తెచ్చుచున్నారు అనునదియే విచారింపదగిన విషయము.

ఈ విచారణకు అమెరికా దేశపు బొమ్మల చరిత్ర మంచి ఉదాహరణము. అచ్చట 1980 తరువాతి పదియేండ్లలో పిల్లలు ఆడుకొన్న బొమ్మలును, వానితోబాటు టెలివిజనులో వచ్చిన కథలును ఈ శతాబ్దమున ఒకటొకటిగా మరల వెలువడుచున్నవి. నాటి పిల్లలు నేడు తల్లిదండ్రులైరి. తమ బాల్యమును తమ బిడ్డల చేతిలో పెట్టవలెనని వారి కోరిక. ఆ కోరికను సొమ్ము చేసికొనవలెనని కంపెనీల కోరిక. ఈ రెండింటి నడుమ బిడ్డ కోరిక యేమని అడుగువారు తక్కువ. ఆ బొమ్మలు మొదట ఎట్లు పుట్టినవో తెలిసికొన్నచో ఈ పునర్జన్మము యొక్క మంచిచెడ్డలు మనకు స్పష్టపడును.

పూర్వము కథ ముందు పుట్టెడిది. అది పిల్లలకు నచ్చినచో దాని బొమ్మ తరువాత అంగడికి వచ్చెడిది. ఈ క్రమమును తలక్రిందులు చేయు ప్రయత్నము 1969లో జరిగినది. మాటెల్ అను బొమ్మల కంపెనీ అంతకు ముందటి యేడు 'హాట్ వీల్స్' అను చిన్న మోటారు బండ్లను అమ్మకమునకు పెట్టియుండెను. ఆ పేరుతోనే ఒక కార్టూను కథ టెలివిజనులో బయలుదేరెను. పోటీదారగు మరియొక బొమ్మల కంపెనీ, ఇది కథ గాదు, అరగంట ప్రకటన యని ప్రభుత్వపు ప్రసార సంఘమునకు ఫిర్యాదు చేసెను. సంఘమువారు ఆ వాదమున సత్యము కలదని గ్రహించి, ఆ కథలో కొంత కాలమును ప్రకటనగానే లెక్కింపవలెనని నిర్ణయించిరి. 1971 నాటికి ఆ కథ ఆగిపోయెను.

ఆ కాలముననే గృహిణులును మేల్కొనిరి. 1968లో మసాచుసెట్స్ రాష్ట్రములోని న్యూటన్ పట్టణమున పెగ్గీ ఛారెన్ అను తల్లి తన యింటిలో కొందఱిని సమావేశపఱచి పిల్లల టెలివిజను కొఱకు ఒక సంఘమును స్థాపించెను. వారి వాదము సులభమైనది: కథయేదో ప్రకటనయేదో తెలిసికొనలేని వయస్సు గల పిల్లలకు సరకు అమ్మజూపుట న్యాయము గాదు. వీరి పట్టుదల ఫలించి 1974లో ప్రసార సంఘము కొన్ని సూత్రములను ప్రకటించెను. పిల్లల కార్యక్రమములలో ప్రకటనల కాలమునకు మితి ఏర్పడెను. కథలోని నాయకుడే సరకు కొనుడని చెప్పరాదనియు నియమము కలిగెను.

కాని 1981లో గాలి మారినది. నాడు ప్రసార సంఘమునకు అధ్యక్షుడైన మార్క్ ఫౌలర్ అనునతడు టెలివిజనును రొట్టెలు కాల్చు యంత్రమువంటి గృహోపకరణముగా భావించెను. దానికి బొమ్మలు చూపుట యొకటే అదనమని అతని యభిప్రాయము. అట్టి వస్తువునకు ప్రత్యేక నియమములేల? 1984లో ప్రకటనల కాలపరిమితులన్నియు తొలగింపబడెను.

వర్తకులు అంతకుముందే సిద్ధముగా నుండిరి. 1982లో మాటెల్ కంపెనీ 'హీమాన్' అను వీరుని బొమ్మను, అతని మిత్రులను, శత్రువులను అమ్మజొచ్చెను. 1983లో ఫిల్మేషన్ అను సంస్థ ఆ బొమ్మలకు కథ కల్పించి టెలివిజనులో ప్రదర్శించెను. ఒక్కొక్క భాగమునకు 65 కథలు. వారమునకు అయిదు చొప్పున పదమూడు వారములు సరిపోవును. అట్టివి రెండు భాగములు, మొత్తము 130 కథలు వెలువడినవి. ప్రతి కథ చివరను ఒక నీతివాక్యము చెప్పెడివారు. పెద్దల మనస్సును సమాధానపఱచుటకు ఆ నీతి పనికివచ్చెను. పిల్లల మనస్సును ఆకర్షించుటకు కత్తియు, కోటయు, పచ్చపులియు చాలియుండెను. 1980ల చివర ఈ కథలు మన దూరదర్శనులో గూడ వచ్చినందున మన పిల్లలును ఈ వీరుని ఎఱుగుదురు.

మరియొక కథ ఇంతకంటె విచిత్రమైనది. జపానులో టకారా కంపెనీవారు మోటారుబండ్లుగా మారగల యంత్రమానవుల బొమ్మలను చేసిరి. అమెరికాలోని హాస్‌బ్రో కంపెనీ వానిని తెచ్చి 1984లో 'ట్రాన్స్‌ఫార్మర్స్' అను పేర అమ్మెను. జపానులో అవి చాలవఱకు మనుష్యులు నడుపు యంత్రములు. అమెరికాలో వానికి పేర్లును, గుణములును, మాటలును ఇచ్చి ప్రాణము పోసిరి. ఆప్టిమస్ ప్రైమ్ అనునతడు మంచివారికి నాయకుడయ్యెను. 1986లో క్రొత్త బొమ్మలను అమ్మవలసివచ్చెను. పాతవానిని అంగడినుండి తీసివేయుటకు కంపెనీకి తోచిన యుపాయము, సినిమాలో వానిని చంపుటయే! వెండితెరపై ఆప్టిమస్ ప్రైమ్ మరణించెను. చూచిన పిల్లలు వెక్కివెక్కి యేడ్చిరి. తల్లిదండ్రులు ఉత్తరములు వ్రాసిరి. అదే కంపెనీ తయారు చేయుచున్న మరియొక చిత్రమున చంపదలచిన వీరుని చంపక, అతడు మూర్ఛలో నున్నాడని ఒక మాట చేర్చి రక్షించుకొనిరి. 1987లో ఆప్టిమస్ ప్రైమ్ కథలోనికి తిరిగి వచ్చెను.

పాఠకులు ఈ సంఘటనమును తేలికగా తీసికొనరాదు. అమ్మినవారికి అది జాబితాలోనుండి కొట్టివేయవలసిన సరకు. పిల్లలకు అది తండ్రివంటివాని మరణము. బొమ్మ అమ్ముటకొఱకు కల్పించిన కథయే యైనను, దానిని స్వీకరించిన బిడ్డ హృదయము కల్పితము గాదు. వర్తకుడు ప్రకటన పంపెను. బిడ్డ దానిని పురాణముగా గ్రహించెను. ఈనాటి పునరుద్ధరణములన్నియు ఆ గ్రహించిన హృదయము మీద ఆధారపడి నడుచుచున్నవే గాని, ఆ ప్రకటన మీద గాదు.

పెగ్గీ ఛారెన్ సంఘమువారి పోరాటము ఫలితముగా 1990లో అమెరికా శాసనసభ పిల్లల టెలివిజను చట్టమును చేసెను. శని, ఆదివారములలో గంటకు పదిన్నర నిమిషములు, ఇతర దినములలో పండ్రెండు నిమిషములు మించి ప్రకటనలు వేయరాదని అది శాసించినది. కాని బొమ్మనుండి పుట్టిన కథను అది నిషేధింపలేదు. ఆ కథ నడుమ ఆ బొమ్మ ప్రకటనను వేయకున్న చాలునని అధికారులు అర్థము చెప్పిరి. చట్టము నిమిషములను లెక్కింపగలదు. కథయొక్క బరువును తూచలేదు. ఆ తూనిక ఇంటివారికే మిగిలినది. పని ముగిసినదని యెంచి 1992లో ఆ సంఘము తన్ను తాను రద్దు చేసికొనెను. నిజమునకు పని అప్పుడే రూపు మార్చుకొనుచుండెను.

2007లో ట్రాన్స్‌ఫార్మర్స్ పెద్ద సినిమాగా వచ్చి 70 కోట్ల డాలర్లకు మించి వసూలు చేసెను. పాత బొమ్మల పెట్టెలో ఇంత ధనమున్నదని తెలిసిన తరువాత పెట్టెలన్నియు తెఱువబడినవి. వానిలో రెండింటి కథ మనకు ముఖ్యమైనది.

'మై లిటిల్ పోనీ' అను రంగురంగుల గుఱ్ఱపుపిల్లల బొమ్మలు 1980ల ఆరంభమున ఆడపిల్లల కొఱకు పుట్టినవి. లారెన్ ఫాస్ట్ అను చిత్రకళాకారిణి బాల్యమున ఈ బొమ్మలతో ఆడుకొనుచు వానికి సాహసములను, స్వభావములను తానే కల్పించెడిది. టెలివిజనులోని నాటి కథలు ఆమె యూహలతో సరిపోలలేదు. 2010లో క్రొత్త కథలను రచించు నవకాశము కలుగగా ఆమె తన బాల్యపు టాటనే ఆధారము చేసికొనెను. ఒక గుఱ్ఱము పుస్తకముల పురుగు, ఒకటి పిఱికిది, ఒకటి కష్టజీవి, ఒకటి డంబములు పలుకునది. ఆడపిల్ల యనగా ఒకే విధమైన సుకుమారి యను భ్రమను ఆ కథలు తొలగించినవి. అవి ప్రసారమైన టెలివిజనులో హాస్‌బ్రో కంపెనీయే భాగస్వామి. అయినను కళకును అంగడికిని పొత్తు కుదిరినదనుకొనరాదు. కథలో తెల్లగా నున్న సెలెస్టియా అను రాకుమారి బొమ్మల దుకాణమున గులాబిరంగుతో అమ్ముడుపోయెను. ఆడపిల్లలకు గులాబిరంగే కావలెనని వర్తకుని నమ్మకము! ఫాస్ట్ 2011లోనే ఆ పనినుండి తొలగినను, ఆమె నాటిన కథ 2019 వఱకు తొమ్మిది భాగములుగా సాగెను.

రెండవది 'షీరా'. ఈమె హీమాన్ సోదరి, 1985లో పుట్టినది. 2018లో ఎన్. డి. స్టీవెన్‌సన్ ఈ కథను పునర్నిర్మించిరి. కథానాయిక బాలికవలె, బాలిక దేహముతోనే చిత్రింపబడెను. చిత్రములు వెలువడినంతనే, కథ చూడకమునుపే, కొందఱు పెద్దలు ఆమె అందముగా లేదని గోల చేసిరి. ఎదిగిన పురుషులు తమ జ్ఞాపకములోని సుందరి కొఱకు ఎనిమిదేండ్ల బాలికల కథపై కోపించుట ఎంత వింత! ఎవరి బొమ్మకు ఎవరు యజమానులు?

ఈ ప్రశ్నకు 2021లో మాటెల్ కంపెనీయే తెలియకుండ సమాధానము చెప్పినది. ఆ యేడు హీమాన్ కథలు రెండు వెలువడినవి: ఒకటి పాత కథను ఎఱిగిన పెద్దలకు, రెండవది పిల్లలకు. పాత 1982 బొమ్మలను పోలిన బొమ్మలును అంతకు ముందటి యేడే సేకరించువారి కొఱకు మరల వచ్చియుండెను. నేడు అమెరికాలో బొమ్మలు కొనువారిలో పెద్దల సంఖ్య స్వల్పము గాదు. 2024 మొదటి మూడు నెలలలో, మూడు మొదలు అయిదేండ్ల పిల్లల కొఱకు కొన్నవానికంటె పెద్దలు తమకొఱకు కొన్నవే యెక్కువ విలువ గలవని అచ్చటి వ్యాపారపు లెక్కలు తేల్చినవి.

పెద్దవాడు తన బాల్యపు బొమ్మను కొనుక్కొని బల్లపై పెట్టుకొన్నచో మనకు ఆక్షేపణ లేదు. అది అతని జ్ఞాపకము, అతని ధనము. తన జ్ఞాపకమును బిడ్డ సంతోషమని పొరపడుటయే దోషము. "నా చిన్ననాట ఇది ఎంత బాగుండెనో!" యని బిడ్డ చేత బొమ్మ పెట్టి, అది చెక్కు చెదరకుండ ఆడుకొమ్మనుట బిడ్డను కావలివానిగా చేయుటయే గాని ఆడనిచ్చుట గాదు.

పునరుద్ధరణమును తూచుటకు ఈ చరిత్ర మనకొక కొలతను ఇచ్చుచున్నది. పాతదానిని యథాతథముగా తెచ్చుట భక్తి గాదు. దాని పేరు మాత్రము తెచ్చి సరకు మార్చుట నవీనత గాదు. ఒకనాటి బిడ్డ ఆ బొమ్మలో ఏమి చూచెనో దానిని నేటి బిడ్డకు అందించుటయే నిజమైన పునరుద్ధరణము. లారెన్ ఫాస్ట్ కంపెనీ చేసిన కథను గాక, బాలికగా తాను ఆడిన ఆటను బ్రతికించెను. అందుచేతనే అది నిలిచినది.

మన యిండ్లలోనికి ఈ కథలు తెరల ద్వారమున వచ్చుచునే యున్నవి, వచ్చును గూడ. తలుపులు మూయుట సాధ్యము గాదు, అవసరమును గాదు. బిడ్డ ప్రక్కన కూర్చుండి ఒక్క కథ చూడుడు. అది ముగిసిన తరువాత బిడ్డ ఆ బొమ్మను కొనుమని యడిగెనా, లేక ఇంటనున్న బొమ్మతోనో, కఱ్ఱముక్కతోనో ఆ కథను తానే పొడిగించి ఆడెనా? మొదటిదైనచో మీరు చూచినది ప్రకటన. రెండవదైనచో అది కథ. న్యూటన్ పట్టణపు తల్లులు చట్టముచేత చేయింపలేకపోయిన ఆ పరీక్షను ఏ యింటిలోనైనను, ఏ సాయంకాలమైనను చేసికొనవచ్చును.