సత్తు గిన్నె సొట్ట (మన వస్తువుల చరిత్ర – 9)



డ్రాయింగ్ నేర్చుకుంటున్న తమ్ముడొకడు ఫోన్ చేసి అడిగాడు: "అన్నా, ఉద్యమంలో ఉన్నోళ్లం కుండలూ పళ్లూ గీసుకుంటూ కూర్చోవడం టైం వేస్ట్ కాదా?" ఫోన్లో ఒక్క మాటలో చెప్పలేకపోయాను. అందుకే ఈ భాగమంతా ఆ ప్రశ్నకే.

మాది శృంగవరపుకోట పక్కన ఒక పేట. డ్రాయింగ్ లోయర్ పరీక్షకి కట్టిన ఏడాది, సాయంత్రాలు కోటలో ఒక మాస్టారి దగ్గరకి నేర్చుకోవడానికి వెళ్లేవాణ్ణి. మొదటిసారి బొగ్గుతో స్టిల్ లైఫ్ పెట్టిన రోజు బల్ల మీద తెల్లదుప్పటి, దాని మీద ఇత్తడి చెంబు, రెండు ఆపిల్ పళ్లు. చెంబు కాస్త పక్కకి జరిగినట్టుంటే సర్దుదామని లేచాను. "నువ్వు ముట్టకు, అది పూజ చెంబు, మళ్లీ ఇంట్లోకి వెళ్లాలి" అన్నారు మాస్టారు. కోపంగా కూడా అనలేదు, మామూలుగానే అన్నారు. పక్క కుర్రాడు లేచి సర్దాడు. నేను కూర్చుని గీశాను. బొమ్మ బాగానే వచ్చింది. ముట్టుకోకూడని చెంబుని రెండు గంటలు కళ్లార్పకుండా చూడొచ్చు, గీయొచ్చు. ముట్టుకోవడమే కుదరదు!

స్టిల్ లైఫ్ గురించి తర్వాత చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. బొమ్మల్లో కూడా వర్ణాలున్నాయి. 1667లో ఫ్రాన్స్ రాజు అకాడమీ తరఫున ఫెలిబియన్ అనే ఆయన చిత్రాలకి అంతస్తులు రాసిపెట్టాడు. మనుషుల్ని, అందులోనూ చరిత్రనీ పురాణాన్నీ వేసేవాడు పైన. జంతువుల్ని వేసేవాడు అతని కింద. పళ్లూ పూలూ గవ్వలూ, అంటే ప్రాణం లేనివి వేసేవాడు అట్టడుగున. ఫ్రెంచి వాళ్లు స్టిల్ లైఫ్‌ని పిలిచే మాటకి అర్థమే 'చచ్చిన ప్రకృతి'. ఆడవాళ్లని నగ్న మోడల్ క్లాసులోకి రానివ్వని కాలంలో వాళ్లలో చాలామందికి మిగిలింది ఈ అట్టడుగు మెట్టే. ఎవరికి ఏది మిగుల్తుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

బొగ్గు మాత్రం ఎవరి సొత్తూ కాదు. యూరప్ వాళ్లు విల్లో కొమ్మలు, ద్రాక్ష తీగలు కాల్చుకున్నారు. మన శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు చింతపుల్లలు కాల్చి ఆ బొగ్గుతోనే గుడ్డ మీద మొదటి గీత గీస్తారు. నేనూ చింతపుల్లలే కాల్చాను. పెన్సిలంత పుల్లల్ని చెక్కు తీసి పాత డబ్బాలో ఇరికించి, మూతకి చిన్న చిల్లు పెట్టి, పొయ్యిలో తోసేయాలి. చిల్లులోంచి పొగ ఆగిపోయాక బయటకి తీసి, పూర్తిగా చల్లారేదాకా మూత తీయకూడదు. ముందే తీస్తే గాలి తగిలి బూడిదే మిగుల్తుంది. పారిస్ స్కూళ్లలో బొగ్గు గీత చెరపడానికి రొట్టె ముక్కలు వాడేవారట. మా ఇంట్లో బ్రెడ్ కొనేది జ్వరమొస్తేనే. నేను అమ్మ పాత చీర పేలికతో తుడిచేవాణ్ణి.

చెంబు సంగతి జరిగిన రాత్రి ఇంట్లో అమ్మ సత్తు గిన్నె ముందు పెట్టుకున్నాను. మాకున్నది ఒకే బల్బు. వెలుగు ఒక్క వైపు నుంచే రావాలి కాబట్టి స్టిల్ లైఫ్‌కి అది సరిపోతుంది. కళ్లు సగం మూసి చూస్తే వివరాలు పోయి వెలుగూ నీడా మాత్రమే మిగుల్తాయి. ముందు అన్నిటికంటే నల్లగా ఉన్న చోటు పట్టుకోవాలి, అన్నిటికంటే తెల్లగా ఉన్న చోట కాగితాన్ని అలాగే వదిలేయాలి. తక్కినదంతా ఈ రెండిటి మధ్యే. ఇత్తడి మీద వెలుగు చుక్కలా మెరుస్తుంది, సులువు. పాత సత్తు మెరవదు. దాని బూడిద రంగులో పది రకాలుంటాయి. వారం పట్టింది నాకు.

ఆ సత్తు గిన్నె మన పొయ్యి మీదకి ఎలా వచ్చిందో తెలుసా? మద్రాసులో 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టర్ ఒక ఆర్ట్ స్కూలు పెట్టాడు. తర్వాత అది ప్రభుత్వ స్కూలైంది. దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర మన విజయనగరం చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు చదువుకున్నది అక్కడే. అదే స్కూల్లో 1898లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టాడు. పని లాభసాటిగా నడిచింది. 1903లో దాన్ని ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. ఇత్తడి కంటే చవక, తేలిక, కళాయి అక్కర్లేదు. మెల్లగా పేదిళ్లన్నిటికీ చేరింది. బొమ్మల చదువూ సత్తు గిన్నే ఒకే గడపలోంచి బయటకొచ్చాయి. కానీ బల్ల మీదకెక్కింది చెంబే.

కథ అక్కడితో అయిపోలేదు. అల్యూమినియం బాక్సైట్ నుంచి వస్తుంది. ఆ బాక్సైట్ మా కోట నుంచి ఘాట్ ఎక్కితే వచ్చే అరకు, అనంతగిరి కొండల్లో ఉంది. అనంతగిరి మండలం బొర్రా పంచాయతీలోని గనుల మీద మొదలైన కేసులోనే, 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు ఇచ్చి, షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆదివాసీ భూముల్ని ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదంది. అయినా 2005లో రాష్ట్ర ప్రభుత్వం ఆ బాక్సైట్‌ని శుద్ధి చేసే ఫ్యాక్టరీకి మా శృంగవరపుకోట మండలంలో చోటు చూపిస్తూ ఒప్పందం చేసుకుంది. బొడ్డవర చుట్టుపక్కల భూములు తీసుకున్నారు. అందులో దళితులకీ ఆదివాసీలకీ ఇచ్చిన అసైన్డ్ పట్టాలూ ఉన్నాయి. కొండ మీద ఆదివాసీలు గనుల్ని అడ్డుకున్నారు. ఫ్యాక్టరీ రాలేదు. భూమి మాత్రం రైతు చేతికి తిరిగి రాలేదు. ఇంట్లో సత్తు గిన్నె ముందు కూర్చుంటే ఇదంతా గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది తమ్ముడూ?

బొమ్మ పూర్తయ్యాక అమ్మకి చూపించాను. చాలాసేపు చూసి, "ఏట్రా, సొట్ట కూడా ఏసేసినావు?" అంది.

"ఉన్నది వేశానమ్మా. ఎప్పటిదది?"

"నువ్వు పుట్టకముందుది. ఉడుపులకాడ గంజి పోత్తంటే, ముట్టుకోకూడదని ఎత్తు మీంచి పోసీవోరు. వేడికి సెయ్యి కాలి గిన్నె ఒగ్గేసినాను, గట్టు రాయి మీద పడిపోనాది. గంజంతా పోనాది. మళ్లీ పొయ్యనేదు."

ఇన్నేళ్లలో ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. రోజూ అన్నం తిన్న గిన్నె మీద సొట్ట ఉందని, దాన్ని బొగ్గుతో వెతుక్కునేదాకా నాకు తెలీదు.

1936లో 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్, పీష్వాల పాలనలో పూనాలో అంటరానివాళ్లు ఉమ్మి వేసుకోవడానికి మెడలో కుండ కట్టుకుని తిరగాల్సి వచ్చిందని రాశారు. ఆ కుండని నాగపూర్ దళిత చిత్రకారుడు సవి సావర్కర్ మళ్లీ మళ్లీ గీశాడు. 1943 బెంగాల్ కరువులో జైనుల్ ఆబెదిన్ బొగ్గు కాల్చి తనే సిరా చేసుకుని, చవక ప్యాకింగ్ కాగితం మీద కలకత్తా వీధుల్లో చచ్చిపోతున్నవాళ్లని గీశాడు. ఈ ఇద్దరికీ ముందు చెయ్యి తిరగాలి. మెడలో కుండ బరువు చూసేవాడికి తెలియాలంటే దాని గుండ్రం, దాని నీడ సరిగ్గా రావాలి. నినాదం రాసినంత మాత్రాన ఆ బరువు రాదు.

కాబట్టి తమ్ముడూ, టైం వేస్ట్ కాదు. పరీక్షకి చెంబు పెడితే చెంబు గీసి పాసవ్వు, ఆ సర్టిఫికెట్ మనకి కావాలి. ఇంటికొచ్చి మీ ఇంట్లో అన్నిటికంటే పాత వస్తువు ముందు ఒక వారం కూర్చో. పార, చేట, చెప్పులు కుట్టే ఆరె, ఏదైనా సరే. పగుళ్లూ అతుకులూ దిద్దకుండా ఉన్నవి ఉన్నట్టు గీయి. అయ్యాక ఆ వస్తువు వాడినవాళ్లకి చూపించి, పక్కన కూర్చుని, వాళ్లు చెప్పింది బొమ్మ వెనకాల తేదీతో రాసిపెట్టు.

వచ్చే భాగంలో రెండు గ్లాసుల గురించి రాస్తాను. మీ ఊరి టీ కొట్టులో మీ తాతలకి విడిగా పెట్టిన గ్లాసు ఎలా ఉండేదో ఈలోగా ఇంట్లో అడిగి ఉంచండి.

జై భీమ్.