యానాం పర్యాటకం - ఉమ్మడి ఆన్‌లైన్ వ్యవస్థల ఆవశ్యకత

గౌతమీ గోదావరి, కోరంగి నది కలిసే చోట 30 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో నెలకొన్న యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఒక భాగం. 1954లో ఫ్రెంచి పాలన నుండి విముక్తి పొంది, 1962 ఆగస్టు 16న చట్టబద్ధంగా భారతదేశంలో విలీనమైన ఈ పట్టణానికి పరిపాలనా కేంద్రం 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నది. పొరుగున ఉన్న కాకినాడ మాత్రం సుమారు 30 కిలోమీటర్ల దూరంలోనే కలదు. యానాం పిన్‌కోడ్ గోదావరి జిల్లాల 533 శ్రేణికి చెందినది. టెలిఫోన్ కోడ్ కాకినాడదే అయిన 0884. వాహనాల రిజిస్ట్రేషన్ మాత్రం పుదుచ్చేరికి చెందిన పి.వై.04. తపాలా శాఖ లెక్కలో ఒకచోట, రవాణా శాఖ లెక్కలో మరొకచోట ఉన్న ఈ పట్టణాన్ని పర్యాటక సమాచారంలో ఎక్కడ చూపాలన్నది చిన్న ప్రశ్నగా తోచవచ్చును. అయితే హోటళ్లు, టాక్సీలు, బోట్లపై ఆధారపడిన స్థానిక కుటుంబాల ఆదాయం ఈ ప్రశ్నతోనే ముడిపడి ఉన్నది.

పర్యాటకుని దృష్టిలో ఇది ఒకే ప్రాంతం. కాకినాడలో బయలుదేరిన వారు కోరింగ మడ అడవులను చూసి, యానాంలో గోదావరి తీరాన గడిపి, 216వ నంబరు జాతీయ రహదారిపై గల బాలయోగి వారధి దాటి ఎదుర్లంక మీదుగా కోనసీమలో ప్రవేశించవచ్చు. ద్రాక్షారామం, కోటిపల్లి క్షేత్రాలు కూడా సమీపంలోనే ఉన్నవి. ఒకటి రెండు రోజులలో పూర్తయ్యే ఈ యాత్రకు సంబంధించిన సమాచారం మాత్రం రెండు ప్రభుత్వాల పరిధిలో విడివిడిగా ఉన్నది. కోరింగ అభయారణ్యం ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖది, యానాం తీరం పుదుచ్చేరి ప్రభుత్వానిది. 2022 ఏప్రిల్‌లో పూర్వపు తూర్పు గోదావరి జిల్లా పునర్వ్యవస్థీకరణతో నదికి ఈవల కాకినాడ జిల్లా, ఆవల కోనసీమ జిల్లా ఏర్పడటం వలన సమన్వయం జరగవలసిన కార్యాలయాల సంఖ్య మరింత పెరిగింది.

కేంద్ర ప్రభుత్వ స్వదేశ్ దర్శన్ పథకం ఇందుకు మంచి ఉదాహరణ. కాకినాడ - హోప్ ఐలాండ్ - కోనసీమ తీర ప్రాంత సర్క్యూట్ 2014-15లో ఆంధ్రప్రదేశ్‌కు మంజూరైంది. కారైకాల్, మాహే, యానాంలతో కూడిన వారసత్వ సర్క్యూట్ 2017-18లో పుదుచ్చేరికి మంజూరైంది. ఆంధ్రప్రదేశ్ సర్క్యూట్‌లోనూ యానాం పేరు కనిపిస్తుంది. అది ఉప్పలగుప్తం మండలంలోని ఎస్.యానాం, అనగా సూరసాని యానాం సముద్ర తీరం. పేర్ల పోలిక వలన ఒక ఊరి బీచ్ కోసం వెదికేవారు మరొక ఊరి వివరాలు చూసే అవకాశం ఉన్నది. ప్రతి పర్యాటక స్థలానికి ఒకే గుర్తింపు సంఖ్య, అక్షాంశ రేఖాంశాలు నమోదైన ఉమ్మడి రికార్డు ఉంటే ఈ గందరగోళానికి తావుండదు.

ఉమ్మడి వ్యవస్థ అనగా ఒక శాఖ మరొక శాఖ అధికారాన్ని తీసుకోవడం కాదు. ఎయిర్ ఫ్రాన్స్, లుఫ్తాన్సా, ఐబీరియా, ఎస్.ఎ.ఎస్. విమానయాన సంస్థలు పరస్పరం పోటీదారులై ఉండి కూడా 1987లో అమెడియస్ రిజర్వేషన్ వ్యవస్థను కలిసి నెలకొల్పినవి. వ్యాపారం ఎవరిది వారిదే. సీట్ల వివరాలు చూపే వేదిక మాత్రం అందరిది. మన దేశంలో పర్యాటక వాహనాల విషయంలో ఇటువంటి మార్పు ఇప్పటికే వచ్చినది. 2021 ఏప్రిల్ 1 నుండి అఖిల భారత పర్యాటక వాహన అనుమతిని ఆన్‌లైన్‌లోనే పొందే విధానం అమలులోకి వచ్చి, 2023లో కొత్త నియమావళితో కొనసాగుతున్నది. కాకినాడ నుండి యానాంకు అరగంట ప్రయాణంలో సరిహద్దు దాటవలసిన టాక్సీ యజమానికి ఇటువంటి వెసులుబాటు విలువ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

వసతి గృహాల కొరకు కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ ‘నిధి’ పేరిట జాతీయ సమీకృత ఆతిథ్య పరిశ్రమ డేటాబేస్‌ను నిర్వహిస్తున్నది. చిన్న లాడ్జీలు, ఇంటి వసతి ఇచ్చేవారు కూడా ఇందులో నమోదైతే, జనవరిలో యానాం ప్రజా ఉత్సవాలకు, ఆ వెంటనే సంక్రాంతికి కోనసీమకు వచ్చే వారికి గదుల లభ్యతను నదికి ఇరువైపులా ఒకేసారి చూపవచ్చు. తిథులను బట్టి ఏటా తేదీలు మారే అంతర్వేది కల్యాణోత్సవాల వంటి వాటికి ఇది మరింత అవసరం.

అయితే గదుల కన్నా నది విషయంలో ఉమ్మడి సమాచారం అత్యవసరమైనది. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద గోదావరిలో పర్యాటక బోటు మునిగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. నదిలో వరద ప్రవాహం ఉన్నప్పుడే ఆ బోటు బయలుదేరింది. ఈ దుర్ఘటన అనంతరం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బోట్ల రాకపోకల పర్యవేక్షణకు 9 కంట్రోల్ రూములను 2020లో ప్రారంభించింది. ధవళేశ్వరం ఆనకట్ట వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి, 13.75 అడుగులకు రెండవ, 17.75 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. ఆ నీరు దిగువన యానాంను చేరుతుంది. 2022 జూలైలో ధవళేశ్వరం నుండి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు విడుదలైనప్పుడు యానాంలోని పలు ప్రాంతాలు ముంపునకు గురైనవి. హెచ్చరిక జారీ చేసేది ఒక ప్రభుత్వం, దిగువన బోటును నిలిపివేయవలసినది మరొక ప్రభుత్వం. నీటిమట్టం వివరాలు నేరుగా టిక్కెట్ల వ్యవస్థకు అనుసంధానమైతే, హెచ్చరిక వెలువడగానే ఇరువైపులా బుకింగులు నిలిచిపోతాయి. సరంగుపైన, టిక్కెట్లు అమ్మే వారిపైన ఒత్తిడి ఉండదు. డబ్బు వాపసు కూడా ఆలస్యం కాకుండా జరుగుతుంది.

వ్యవస్థ ఏర్పాటు కన్నా దానిని తాజాగా ఉంచడం కష్టమైన పని. మూతపడిన బోటింగ్ కేంద్రాన్ని తెరిచి ఉన్నట్లు చూపే పేజీ, అసలు పేజీ లేకపోవడం కన్నా ఎక్కువ నష్టం కలిగిస్తుంది. మడ అడవులలో బోట్లు ఆటుపోట్లను బట్టి నడుస్తాయి కనుక వాటి వేళలను ఏ దూర నగరంలోని కార్యాలయమో కాక, రేవులో ఉన్న సిబ్బందే మొబైల్ ఫోను ద్వారా తెలుగులో నమోదు చేసే వీలుండాలి. ఎవరు ఏ సమాచారం మార్చారన్నది తేదీతో సహా కనిపించాలి. విదేశీ అతిథుల వివరాలను వసతి గృహాలు 24 గంటలలోగా ఆన్‌లైన్‌లో తెలియజేయవలసి ఉన్నది. వాటిలో సంఖ్యలు మాత్రమే పర్యాటక శాఖలకు చేరవలెను గాని వ్యక్తిగత వివరాలు కాదు.

2015 గోదావరి పుష్కరాల తొలి రోజైన జూలై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటలో 27 మంది మరణించారు. రద్దీ ఒకే ఘాట్‌కు చేరిన ఆ ఉదయం డెల్టాలోని అనేక ఇతర రేవులలో స్నానాలకు చోటున్నది. తదుపరి పుష్కరాలు 2027లో రానున్నవి. యానాం రేవులు సహా రెండు ప్రభుత్వాల పరిధిలోని ఘాట్ల వద్ద రద్దీ, వాహనాల నిలుపుదల స్థలాలు, గదుల లభ్యత ఒకే తెరపై కనిపించాలంటే, స్థలాల పేర్లు, గుర్తింపు సంఖ్యల ఉమ్మడి జాబితాపై ఇరు ప్రభుత్వాల పర్యాటక శాఖలు అంతకు ముందే అంగీకారానికి రావలసి ఉన్నది.