పోలీసు ఎదుట వాంగ్మూలం: దత్తమండలాల నుండి సాక్ష్య చట్టం వరకు

థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు అనంతపురం కేంద్రంగా దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా పనిచేశాడు. రైత్వారీ చర్చలో ఆయన సంస్కరణల మరొక పార్శ్వం తరచూ మరుగున పడుతుంది. 1816 నాటి మద్రాసు పదకొండవ రెగ్యులేషన్ గ్రామపెద్దకు, తహశీల్దారుకు పోలీసు అధికారాలను అప్పగించింది. శిస్తు రాబట్టే కచేరీయే నేరాన్నీ విచారించింది. పంట పోయి బకాయిపడిన రైతుకూ, దొంగతనం మోపబడినవాడికీ ఎదురుగా కూర్చున్నది ఒకే అధికారి.

ఫలితం 1855 నాటి మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం నివేదికలో నమోదైంది. చెక్కల మధ్య వేళ్లు నొక్కే కిట్టి శిస్తుకూ, నేరాంగీకారానికీ సమానంగా ఉపయోగపడేది! 1859 చట్టం పోలీసును రెవెన్యూ నుండి వేరుచేసింది. 1861లో నేర విచారణ స్మృతి, 1872లో సాక్ష్య చట్టం 25వ సెక్షను, పోలీసుకు చెప్పిన నేరాంగీకారాన్ని సాక్ష్యంగా నిరాకరించాయి. అయితే 27వ సెక్షను, ఆ మాటల ఆధారంగా వస్తువు దొరికితే, దానికి సంబంధించిన మేరకు అనుమతించింది. గుంటూరు జిల్లాకు చెందిన పులుకూరి కోటయ్య కేసులో (1947) ప్రివీ కౌన్సిల్ ఆ మేరను కట్టుదిట్టం చేసింది.

అంతకన్నా లోతైన ప్రశ్న పాకాల నారాయణస్వామి కేసులో (1939) తలెత్తింది. హతుడు తన ఇంటికి వచ్చి, ఒక రాత్రి ఉండి వెళ్లాడని ఆయన అరెస్టుకు ముందే పోలీసులకు చెప్పాడు. అందులో నేరాంగీకారమేమీ లేదు. అయినా ప్రాసిక్యూషన్‌కు అదే ఉపకరించింది. దర్యాప్తులో చెప్పిన మాట, చెప్పినవాడు తర్వాత ముద్దాయి అయినా, స్మృతి 162వ సెక్షను కింద చెల్లదని లార్డ్ అట్కిన్ నిర్ణయించాడు.

ఈ రక్షణలన్నీ కోర్టులోనివి. మాట అప్పటికే నోరు దాటిపోయింది. మాట్లాడాలా, మౌనం వహించాలా అన్న నిర్ణయం ఠాణాలోనే, ఒంటరిగా జరిగేది. ఆ లోటును స్పృశించినది 1978 నాటి నందినీ సత్పతి తీర్పు. రాతపూర్వక ప్రశ్నలతో ఠాణాకు పిలిపించబడిన ఆ మాజీ ముఖ్యమంత్రి విషయంలో, రాజ్యాంగం 20(3) రక్షణ పోలీసు విచారణకూ వర్తిస్తుందనీ, నిందితులు కోరితే న్యాయవాది తోడును నిరాకరించరాదనీ సుప్రీంకోర్టు పేర్కొంది. తర్వాత శాసనసభ్యులు అంత దూరం రాలేదు. స్మృతిలో చేరిన 41-డి సెక్షను, నేటి నాగరిక్ సురక్షా సంహిత 38వ సెక్షను, న్యాయవాదిని కలిసే హక్కును ఇచ్చాయి. కాని విచారణ పొడవునా కాదు, అరెస్టయినవారికే. సాక్షిగా నోటీసు అందుకున్న వ్యక్తి తనను నేరంలో ఇరికించే ప్రశ్నలకు తప్ప మిగిలినవాటికి నిజం చెప్పవలసి ఉంటుంది. ఏ ప్రశ్న ఎటువంటిదో ఎంచుకోవలసింది అతడే. పాకాల నారాయణస్వామి మాట్లాడిన నాటికి ఆయన కూడా అరెస్టు కాలేదు.