తక్కెడ మోసిన రొట్టె బండి

ఇంగ్లండులో రొట్టెలవాళ్లు ఇంటింటికీ తోసుకుంటూ తిరిగిన చేతిబండి చూడ్డానికి చిన్న గూడు బండిలా ఉండేది. రెండు పక్కలా ఇనుప పట్టా తొడిగిన పెద్ద చక్రాలు, ముందు ఒక చిన్న చక్రమో ఆనించి నిలబెట్టే ఇనుప కాలో, వెనక తోయడానికి పిడి, మధ్యలో చెక్కపెట్టె. వాన నీళ్లు నిలవకుండా పైమూత కమానులా వంగి ఉండేది. పెట్టె పక్కపలకల మీద బేకరీ యజమాని పేరు, వీధి పేరు పెద్ద అక్షరాలతో రాయించేవారు. 19వ శతాబ్దంలోనూ 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనూ అక్కడి పట్టణాల్లో ఇది రోజూ కనబడే బండి.

అంతకుముందు రొట్టె బుట్టల్లో తిరిగేది. బండి వచ్చాక కూడా బుట్ట పోలేదు. బండిని వీధిలో ఆపి, గుమ్మం దాకా బుట్టలోనే పట్టుకెళ్లేవారు.

ఈ బండి చరిత్రలో అసలు విశేషం తూకం. 1266 నాటి శాసనం ప్రకారం ఇంగ్లండులో రొట్టె ధర కదిలేది కాదు. గోధుమ ధర పెరిగితే రొట్టె బరువు తగ్గేది. ఆ పద్ధతి లండన్‌లో 1815లో, మిగతా చోట్ల 1836లో పోయింది. లండన్‌కు 1822లో, తక్కిన ప్రాంతాలకు 1836లో వచ్చిన రొట్టె చట్టాలు మామూలు రొట్టెను తూకం ప్రకారమే అమ్మాలన్నాయి. బండి మీద రొట్టె తీసుకెళ్లేవాడు సరైన తక్కెడ, తూనికరాళ్లు వెంట ఉంచుకోవాలి. కొనేవారు అడిగితే వాళ్ల కళ్లెదుటే తూచాలి. పేదవాడి కడుపు నింపేది ముఖ్యంగా రొట్టే అయిన కాలంలో, గుమ్మంలో నిలబడి తూకం అడిగే హక్కు చిన్నదేమీ కాదు.

బండి తోసినవాడి బతుకు మాత్రం దుర్భరం. రొట్టె కార్మికుల స్థితిపై హ్యూ సేమూర్ ట్రెమెన్‌హీర్ 1862లో బ్రిటిష్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక ఈ సంగతి బయటపెట్టింది. లండన్ కార్మికుడు రాత్రి 11 గంటల ప్రాంతంలో పిండి కలపడం మొదలుపెట్టేవాడు. పిండి పొంగేలోపు, పిసికే బల్ల మీదే కాసేపు కునుకు. తెల్లవార్లూ బట్టీ దగ్గర పనిచేశాక, చాలామంది మళ్లీ బుట్టలు మోస్తూ, చేతిబండ్లు తోస్తూ పగలు గంటల తరబడి తిరిగేవారు. అప్పటి పెద్ద రొట్టె 4 పౌండ్లు, అంటే సుమారు 1.8 కిలోలు. అలాంటివి 40 పెడితే, బండి బరువు కాక, సరుకే 70 కిలోలు దాటుతుంది. కార్ల్ మార్క్స్ ‘పెట్టుబడి’లో పనిదినం గురించి రాస్తూ ఈ నివేదికనే సాక్ష్యంగా తీసుకున్నాడు. 1863లో వచ్చిన బేకరీల చట్టం 18 ఏళ్లలోపు వారి చేత రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 5 దాకా పని చేయించకూడదంది. పెద్దవాళ్ల రాత్రి పని జోలికి అది పోలేదు.

బెల్జియం, హాలెండ్‌లలో రొట్టె బండ్లకు కుక్కలను కట్టేవారు. ఇంగ్లండులోనూ కుక్క బండ్లు ఉండేవి గానీ, 1839 పోలీసు చట్టం లండన్‌లో, 1854 చట్టం దేశమంతటా వాటిని నిషేధించాయి. స్తోమత ఉన్న బేకరీ గుర్రబ్బండి పెట్టుకుంది, లేనిది మనిషి చేతే తోయించింది.

తర్వాత సామాను సైకిళ్లు, మోటారు వ్యాన్లు వచ్చాయి. 1928లో అమెరికాలోని చిల్లికోతీ ఊళ్లో యంత్రంతో ముక్కలు కోసిన రొట్టె అమ్మకానికి వచ్చింది. కొన్నేళ్లకే అది బ్రిటన్ చేరింది. 1961లో ఇంగ్లండులోని చోర్లీవుడ్ ఊళ్లో కనిపెట్టిన పద్ధతితో పెద్ద ఫ్యాక్టరీలు పిండిని చాలా త్వరగా సిద్ధం చేయగలిగాయి. వాటి పోటీకి వీధి చివరి బేకరీలు ఎన్నో మూతపడ్డాయి. ఇంటికొచ్చే రొట్టె అప్పటికే జ్ఞాపకంగా మారుతోంది. 1973లో రిడ్లీ స్కాట్ తీసిన హోవిస్ రొట్టె ప్రకటనలో షాఫ్ట్స్‌బరీ ఊళ్లోని గోల్డ్ హిల్ ఎత్తు మీదికి సైకిలు తోసుకెళ్లే కుర్రాడు ఆ జ్ఞాపకానికే ప్రతీక.

మిగిలిన చేతిబండ్లు ఇప్పుడు పాత వస్తువులుగా అమ్ముడవుతున్నాయి. పూలకుండీలు పెట్టడానికీ, దుకాణాల ముందు అలంకారానికీ వాడుతున్నారు. బండి చేతులు మారినప్పుడల్లా పాత పేరు మీద కొత్త రంగు పడేది కాబట్టి, ఏ బేకరీది, ఏ వీధిది అన్న చరిత్ర ఆ పొరల్లోనే ఉంటుంది. మెరుగు కోసం వాటిని గీకేయకూడదు. గీకిన పేరు మళ్లీ దొరకదు.