కేకే స్టే ఆర్డరు

పక్కింటాయన మన హద్దు మీద గోడ లేపుతున్నాడనుకోండి. వకీలును పట్టుకుని, కోర్టుకెళ్లి, స్టే తెచ్చేసరికి గోడకు సున్నం కూడా పడిపోతుంది. ఫ్రాన్సు తీరానికి దగ్గర్లో, బ్రిటన్ రాజు ఏలుబడిలో ఉన్న జెర్సీ, గెర్న్‌సీ దీవుల్లో ఇంకో దారి ఉంది. గోడ లేస్తున్న చోటికే వెళ్లి, టోపీ తీసి, సాక్షుల ముందు మోకరిల్లి ‘హారో! హారో! హారో!’ అని అరవాలి. నాకు అన్యాయం జరుగుతోంది, ఆదుకోమని ఫ్రెంచిలో ప్రభువుకు మొరపెట్టుకోవాలి. గెర్న్‌సీలోనైతే క్రీస్తు నేర్పిన ప్రార్థన కూడా ఫ్రెంచిలోనే చదవాలి. అంతే, మేస్త్రీ తాపీ కింద పెట్టాల్సిందే. కోర్టు తేల్చేదాకా ఇటుక మీద ఇటుక పడదు. గెర్న్‌సీలో ఆ మొరను 24 గంటల్లోగా కోర్టు కచేరీలో నమోదు చేయించాలి.

దీని పేరు క్లామ్యూర్ ద హారో. ఫ్రాన్సులోని నార్మండీకి తొలి పాలకుడైన రోలోను ‘హా, రో!’ అని పిలవడమే హారో అయిందంటారు. వినడానికి బాగుంది గానీ, పేరును బట్టి అల్లిన కథలాగే ఉంది. సాయం కోసం పెట్టే పాత జర్మానిక్ కేక అన్న మాటే నమ్మబుద్ధేస్తుంది.

దీనికి ముడిపెట్టే ఘట్టం 1087లో జరిగింది. నార్మండీలోని కాఁ నగరంలో, తాను కట్టించిన మఠంలోనే విలియం రాజు అంత్యక్రియలు. బిషప్పు ప్రసంగం ముగిసింది. జనంలోంచి ఆసెలిన్ అనే మనిషి లేచి, ఇది మా నాన్న స్థలం, రాజు బలవంతాన లాక్కున్నాడు, ఇక్కడ పాతిపెట్టడానికి వీల్లేదన్నాడు. ఇంగ్లండును గెలిచినవాడి శవం అక్కడే ఆగింది. ఇరుగుపొరుగు అవునని సాక్ష్యమిచ్చారు. సమాధి మేరకు 60 షిల్లింగులు చేతిలో పెట్టాకే పని సాగింది. ఈ సంగతి రాసిన సన్యాసి ఓర్డెరిక్ ‘హారో’ అన్న మాట వాడలేదు; అది తర్వాతివాళ్లు తగిలించిందే. అయినా రాజు మీద రాజ్యంలోనే మొర పెట్టిన గొంతు అది. ఇరుగుపొరుగు వినబట్టే చెల్లింది.

మన ‘ఆన’కు ఒట్టు, ఆజ్ఞ అని రెండర్థాలు. హారో కూడా ప్రభువు పేరున సామాన్యుడు పెట్టే ఆనే.

1204లో నార్మండీ ఇంగ్లండు చేజారినా దీవులు, వాటి నార్మన్ చట్టం మిగిలాయి. 1970లో గెర్న్‌సీ పరిధిలోని సార్క్ దీవిలో ఒక తోటగోడ మీద హారో పెట్టారు. 2018లో గెర్న్‌సీలో రోడ్డు పనుల మీద పెట్టింది మాత్రం చెల్లలేదు. అన్యాయంగా హారో పెట్టినవాళ్లకు జరిమానా ఉంటుంది.