కొండపేరుతో వచ్చు కాఫీ

మొఘల్‌పురాలో అతిథికి ముందుగా అందునది చాయ్. కాఫీ యడిగినచో గృహస్థు ఒకింత సందేహించును. అట్టి మొహల్లాలో ఇటీవల ఒక మిత్రుని యింట మాకు అరకు కాఫీ లభించినది. పొట్లముపై కొండ పేరు, కోత జరిగిన ఋతువు, గింజ వేయించిన తేదీ ముద్రింపబడియున్నవి. ఆ యేటి పంట తీరినంతనే విక్రయము నిలిపివేయుదురట. కాఫీగింజకు ఇంతటి జాతకమేలనని మిత్రుని తల్లిగారు మమ్ము ప్రశ్నించిరి.

నిజమునకు కాఫీని పుట్టినచోటి పేరుతో కొనుట పాత అలవాటే. మొఘల్‌పురాకు దక్షిణముననున్న బార్కస్‌లో, నిజాము సైన్యమున చేరిన హద్రమౌత్ అరబ్బుల సంతతివారు నేటికిని నివసించుచున్నారు. వారి పూర్వుల దేశమైన యెమెన్‌లోని మోఖా రేవు పేరుననే ఒకప్పుడు లోకము కాఫీని కొనెడిది. పదునేడవ శతాబ్దిలో బాబా బూదన్ అను ఫకీరు అచ్చటినుండి ఏడు గింజలను రహస్యముగా తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనని ఐతిహ్యము.

మన తూర్పు కనుమలకు కాఫీ 1898లో వచ్చినది. బ్రోడీ అను ఆంగ్లేయాధికారి గోదావరి మన్యమున పాములేరు లోయలో దానిని నాటించెను. పిమ్మట అది అనంతగిరి, చింతపల్లి, అరకు ప్రాంతములకు ప్రాకినది.

అయినను కొండ పేరు చిరకాలము అంగడికి రాలేదు. కారణము మన్ను కాదు, చట్టము. రెండవ ప్రపంచయుద్ధమున ఐరోపా విపణులు మూతపడగా, తోటలను కాపాడుటకై 1942లో కాఫీ చట్టము వచ్చినది. పండిన గింజ కాఫీ బోర్డు ఉమ్మడి రాశికి చేరవలెను. అచ్చట రకమునుబట్టి, పరిమాణమునుబట్టి తరగతులు ఏర్పరుతురు. తరగతి యొక్కటైనచో కొండ కొండ గింజలు ఒకే కుప్ప. పైకము వాయిదాలపై వచ్చెడిది. ఆపద్ధర్మముగా పుట్టిన యేర్పాటు అర్ధశతాబ్దికి పైగా నిలిచి, 1992 నుండి సడలి, 1996లో తొలగినది.

అరకు పేరు దూరదేశములకు ప్రాకినది అటుపిమ్మటనే. హైదరాబాదు కేంద్రముగా పనిచేయు నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో గిరిజన రైతులు పండించిన కాఫీకి 2017లో పారిస్ నగరమున దుకాణము తెరువబడెను. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించెను.

'పరిమితము' అను మాటను వర్తకులు ఊరకే వాడుటయు కలదు. అరకులో మాత్రము చెట్టే పరిమితి విధించును. వేసవి జల్లులకు పూచి, కార్తీకము మొదలు పుష్యము వరకు పండును. పండ్లన్నియు ఒకేసారి ఎర్రబడవు గనుక ఒకే చెట్టు వద్దకు పలుమార్లు పోవలెను. సుమారు ఆరు కిలోల పండ్లకు దక్కునది ఒక కిలో గింజ. ఒక గూడెమువారి ఒక్క ఋతువు పంటను విడిగా నుంచినచో అది కొన్ని బస్తాలే. అవి తీరిన పిమ్మట అదే పేరుతో మరల అమ్మినచో ఆ పేరు అబద్ధము.

ఎర్రని పండునకు ఎక్కువ వెల లభించిననే ఈ పలుమార్ల నడక గిట్టును. మిత్రుని పొట్లముపై వెల కలదు గాని, అందులో పండ్లు ఏరినవారికి చేరిన భాగమెంతయో లేదు. మేము రెండువైపుల త్రిప్పి చూచితిమి.

ఈలోగా తల్లిగారు మరుగుచున్న కాఫీలో ఏలకుల పొడి వేయబోయి, మా వంక చూచి ఆగిరి. వేయుడనియే మేము కోరితిమి. కాఫీని మనకిచ్చిన అరబ్బులు అట్లే త్రాగుదురు.