ఊరు మారిన మల్లె

పెరట్లో పెంచుకునే గుండుమల్లె, బొండుమల్లె గింజ కట్టడం చాలా అరుదు. మల్లె కాయ కాసి, గింజ రాలి, దానంతట అది మొలిచిందని చెప్పేవాళ్ళు ఎక్కడా కనబడరు. ప్రొద్దుటూరు సందుల్లో, జమ్మలమడుగు మిద్దెల వెనక, పులివెందుల తోటల గట్ల మీద ఇవాళ పూస్తున్న ప్రతి మల్లెనూ ఎవరో ఒకరు చేత్తో తెచ్చి నాటారన్నమాట. పుట్టింటి నుంచి అత్తగారింటికో, బాడుగింటి నుంచి సొంతింటికో, మునిగిపోయే ఊరి నుంచి కొత్త కాలనీకో. అలా కొమ్మగా వచ్చింది తల్లిచెట్టుకు బిడ్డ కాదు, అదే చెట్టు. "మా అవ్వ నాటిన మల్లె" అని నాలుగిళ్ళు మారినవాళ్ళు చెప్పుకుంటే అందులో అతిశయం ఏమీ లేదు.

కొమ్మతో మొక్కను ఊరు మార్చే ఈ పని చాలా పాతది. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. పనస, అశోకం, అరటి, నేరేడు, దానిమ్మ, ద్రాక్ష, మాదీఫలం లాంటివాటిని కొమ్మకు ఆవుపేడ పూసి నాటాలంటూ, అదే వరసలో అతిముక్తకమనే పూలతీగనూ చేర్చాడు. మొక్కకు చోటు మార్చేటప్పుడు నెయ్యి, వట్టివేరు, నువ్వులు, తేనె, వాయువిడంగాలు, పాలు, పేడ కలిపి వేరు నుంచి మాను దాకా పూయమన్నాడు. కొమ్మలు వెయ్యని మొక్కను శిశిరంలో, వేసినదాన్ని హేమంతంలో, మాను బలిసినదాన్ని వానలు మొదలయ్యాక మార్చాలని కాలాలు కూడా విడదీశాడు. నెయ్యి, తేనెల సంగతి ఎలా ఉన్నా, ఆ కాలాల పట్టిక ముందు మాత్రం తల వంచాల్సిందే. ఇల్లు మారే కుటుంబానికి మొక్క విషయంలో తేడా వచ్చేది అక్కడే.

కడప జిల్లాలో ఏడాది సగటు వాన 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. తాగే నీళ్ళకే బావుల దగ్గర కాచుకున్న ఊళ్ళలో పూలమొక్కకంటూ వేరే నీళ్ళు ఎక్కడివి? అందుకే మల్లె జాలాడి పక్కన ఉండేది. స్నానం చేసిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు బండల మీదుగా పారి దాని పాదులోకే చేరేవి. నాపరాళ్ళకు పేరుపడ్డ జమ్మలమడుగు వైపు ఆ పాదు చుట్టూ నిలబెట్టడానికి బండముక్కలకు కొదవ లేదు.

అంటు తొక్కడానికీ అలాంటి బండముక్కే చాలు. పోయినేడు వచ్చిన, నేలకు దగ్గరగా వంగే కొమ్మను ఎంచుకుంటారు. కణుపు కింద అంగుళం మేర బెరడు తీస్తారు, లేదా సగం మందం దాకా వాలుగా చీలుస్తారు. ఆ గాటు పడ్డ చోటును నాలుగైదు అంగుళాల లోతు గాడిలో పెట్టి, మట్టి కప్పి, కొమ్మ పైకి లేవకుండా మీద బండ పెడతారు. కొస మాత్రం బయట ఆకులతో ఉంటుంది. లోపల వేరు పట్టేదాకా తల్లిచెట్టే దానికి నీరు అందిస్తుంది. జూన్, జూలై నెలల్లో తొక్కిన అంటుకు 90 నుంచి 120 రోజుల్లో వేళ్ళు వస్తాయి. తర్వాత తల్లి నుంచి వేరు చేసి మట్టిగడ్డతో సహా ఎత్తుకోవచ్చు.

అన్ని మొక్కలూ ఇంత సమయం అడగవు. గోరింట, మందారం, గన్నేరు, నందివర్ధనం పుల్ల గుచ్చినా బతికే రకాలు. కరివేపాకుకు వేరు నుంచి లేచిన పిలక తవ్వుకుంటారు. మామూలు కనకాంబరానికి ఆ బాధే లేదు, ఎండిన కాయకు తడి తగిలితే చాలు, చిట్లి గింజలు చిమ్ముతుంది. గింజ కట్టని ఢిల్లీ కనకాంబరానికి మాత్రం మళ్ళీ కొమ్మే దిక్కు.

మల్లె కొమ్మ కోసం రాజులూ పాకులాడారు. 17వ శతాబ్దం చివర ఇటలీలో టస్కనీని ఏలిన మూడో కోసిమో, ముద్దగా పూసే మల్లెను ఫ్లారెన్స్ దగ్గరి కాస్తెల్లో తోటలో పెంచాడు. దాని కోసం అక్కడ కట్టిన వెచ్చటి గదికి మల్లెల పేరే పెట్టారు. కొమ్మ బయటికి పోకూడదని ప్రభువు కట్టడి చేస్తే, ఓ తోటమాలి దొంగచాటుగా ఒక రెమ్మ కోసి తన ప్రియురాలికి ఇచ్చాడని, ఆమె దాన్ని పెంచి పూలమ్మి ఆ డబ్బుతో అతన్ని పెళ్ళాడిందని టస్కనీలో కథ చెప్పుకుంటారు. ఆ ముద్దమల్లె రకానికి ఇప్పటికీ 'టస్కనీ గ్రాండ్ డ్యూక్' అనే పేరు. ఫిలిప్పీన్స్ 1934లో ఇదే జాతి మల్లెను సంపగీత పేరుతో జాతీయ పుష్పంగా ప్రకటించింది. సముద్రాలు దాటినా సూత్రం మారలేదు, గింజతో కాక మనిషి చేతిలో కొమ్మగానే వెళ్ళింది.

జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో ఇల్లు మారడమంటే సొంత నిర్ణయమే కానక్కర్లేదు. పెన్న మీద మైలవరం ఆనకట్ట వచ్చింది. ఆ తర్వాత దానికి ఎగువన, శ్రీశైలం నీళ్ళను అవుకు మీదుగా తెచ్చుకునే గాలేరు-నగరి పథకంలో భాగంగా, 26.85 టీఎంసీల గండికోట జలాశయం కట్టారు. 2020లో అందులో నీటిమట్టం పెంచినప్పుడు కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు జనం పరిహారం కోసం ఆందోళన చేస్తుండగానే వెనకనీరు ఊరిని కమ్ముకుంది. ఆ ఏడాదే పులివెందుల వైపు చిత్రావతి జలాశయాన్ని పది టీఎంసీలకు నింపడంతో పక్క మండలం తాడిమర్రిలో మర్రిమాకులపల్లి ఖాళీ అయింది.

ముంపు లెక్కల్లో ఇంటికి ఒక ధర, పండ్లచెట్టుకు ఒక ధర ఉంటాయి. జాలాడి మల్లెకు విలువ కట్టే గడి ఉండదు, ఉన్నా ఎంతని కడతారు? దానికి కావలసింది డబ్బు కాదు, మూడు నాలుగు నెలల గడువు. నీళ్ళు వీధి చివరికి వచ్చాక అంటు తొక్కితే వేరు పట్టదు. అప్పటికప్పుడు మిగిలే దారి పెన్సిలు మందాన, మూడు నాలుగు కణుపులున్న ముక్కలు కోసి తడిగుడ్డలో చుట్టుకుపోవడమే. పది ముక్కలు గుచ్చితే కొన్ని బతుకుతాయి, ఒక్కోసారి ఒక్కటీ బతకదు. పునరావాసం గురించి మాట్లాడేటప్పుడు తేదీని ముందుగా, ఖచ్చితంగా చెప్పడం కూడా పరిహారంలో భాగమేనని ఒప్పుకోవాలి.

అంటు విద్య పులివెందులలో వ్యాపారం కూడా. అక్కడి చీనీ తోటలు గింజ మొక్కలతో వెయ్యరు. రంగపూర్ నిమ్మ, జంబేరి లాంటి వేరుమొక్కల మీద సాత్‌గుడి కన్ను అతికించిన అంట్లనే నాటుతారు. పాత కడప జిల్లాలోని కోడూరు, అనంతరాజుపేటల్లో పండ్లతోటల పరిశోధన దశాబ్దాలుగా సాగుతోంది. చీనీ అంటు కట్టేవాడికి మొక్క లెక్కన కూలి ముడుతుంది, మల్లె అంటు తొక్కిన ఆడమనిషికి పక్కింటావిడ అడిగే రెండో కొమ్మే గుర్తింపు.

ప్రొద్దుటూరులో ఇప్పుడు పెరడున్న ఇల్లు తక్కువ. మల్లె మిద్దె మీది కుండీలోకి ఎక్కింది. నేలకు వంగే చోటు లేకపోయినా పని ఆగదు. పక్కన ఇంకో కుండీ పెట్టి, కొమ్మను అందులోకి వంచి తొక్కితే వేరు పట్టాక కుండీతోనే మోసుకెళ్ళవచ్చు. కోసిన వెంటనే ఎండలో పెట్టకుండా పది పదిహేను రోజులు నీడలో ఉంచాలి. నవంబరు నుంచి నీళ్ళు తగ్గించి, ఆకు రాల్చి, జనవరిలో కొమ్మలు కత్తిరించడం పాత చెట్లకు చేసే సేవ. లేత అంటుకు మొదటేడు అది వద్దు. తర్వాతి జనవరిలో కత్తిరించి, పేడ ఎరువు వేసి, నీళ్ళు మళ్ళీ మొదలుపెడితే మార్చిలో మొగ్గ కనబడుతుంది.